మొదటి వక్త కావలెను

లింగ్‌షేర్ దీవి ప్రజలకు పురపాలక సంఘం సంతోషంతో తెలియజేసిందేమంటే, పొద్దున్న పడవ రద్దుపై చర్చ ఈసారి ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారమవుతుంది. పాత్రల కేటాయింపు కూడా న్యాయంగానే జరిగింది. అధ్యక్షుడు సిక్స్‌టెన్‌గారు నిర్వాహకుడు. ఉపాధ్యక్షురాలు వక్త. ప్రజలు ప్రేక్షకులు. ప్రేక్షకులకు చప్పట్ల బొమ్మ, హృదయం బొమ్మ పంపే అనుమతి ఉంది. కోపం బొమ్మ మీద న్యాయ సలహా ఇంకా అందలేదు.

గున్వోర్‌కు ఒళ్ళు మండిపోయింది. రోజూ ఆ పడవెక్కి అవతలి ఒడ్డున బడిలో వంట చేసి వచ్చే మనిషామె. పడవ పోతే ఉద్యోగమూ పోయినట్టే.

"పోయేది మన పడవ, మైకేమో వాళ్ళకా? మనమేమన్నా మూగవాళ్ళమా?" అంది పడవలో.

"కడిగి పారేద్దాం అక్కా! ఒక్కసారి మైకు నా చేతికి రానీ, ఆ సిక్స్‌టెన్ సంగతి తేలుస్తా" అన్నాడు పక్కింటి ఆల్గోట్. పడవంతా "అంతే, అంతే" అంది.

మైకు అందరికీ ఇవ్వాలని గున్వోర్ అర్జీ పెట్టింది. దాన్ని పరిశీలించడానికి ఒక సంఘం, ఆ సంఘానికి కాఫీ, దాల్చినచెక్క బన్నులు ఎవరు తేవాలో తేల్చడానికి ఇంకో సంఘం ఏర్పడ్డాయి. బన్నుల దగ్గర ఏకాభిప్రాయం కాస్త ఆలస్యమైనా, చివరికి చరిత్రాత్మక నిర్ణయం వెలువడింది. సమానత్వం దృష్ట్యా దీవిలో ప్రతి ఒక్కరూ వక్తే. ప్రేక్షకుడనే పాత్రే రద్దు. కోపం బొమ్మ కూడా మంజూరైంది.

ఆ రోజు రానే వచ్చింది. సిక్స్‌టెన్‌గారు గొంతు సవరించుకున్నారు.

"ప్రజాస్వామ్య చరిత్రలో ఇదొక మైలురాయి! ఎవరి మైకు వారి చేతుల్లోనే ఉంది. మాట్లాడండి!"

ఎవరూ మాట్లాడలేదు. నలుగురినీ తోసుకుని ముందు నోరు తెరవడం ఆ దీవిలో మర్యాద కాదు. గున్వోర్ వేలు మైకు గుర్తు మీదే ఉంది. కానీ హక్కు అడిగిందీ తనే, మొదలుపెట్టేదీ తనే అయితే, ఇంత గోలా తన ఉద్యోగం కోసమేనా అనుకోరూ? ఆల్గోట్‌కు ఫోన్ చేసింది.

"ఒరేయ్, కడిగేస్తానన్నావుగా, కానియ్!"

"అబ్బే, పెద్దదానివి నువ్వుండగా నేనా? నువ్వు మొదలెట్టు, వెనకాల నేనుంటాగా."

"నేనూ నీ వెనకాలే ఉందామనుకున్నా కదరా!"

అంతలో ఎవరి మైకో తెరుచుకుంది. కాఫీ జుర్రిన చప్పుడూ, "అయ్యో, క్షమించాలి" అన్న మాటా వినిపించి, మళ్ళీ మూసుకుంది. ప్రజాభిప్రాయం నమోదైనట్టు సిక్స్‌టెన్‌గారు ప్రకటించారు. అభ్యంతరాలేవీ లేనందున పడవ ఏకగ్రీవంగా రద్దయింది. తెరంతా చప్పట్ల బొమ్మలు. అంత కష్టపడి ఏర్పాట్లు చేసిన సిబ్బందిని నొప్పించడం దేనికని గున్వోర్ కూడా ఒకటి పంపింది. ఆ తర్వాత బల్ల మీద తల వాల్చి ఏడ్చింది.

ఆఖరి పడవలో అందరూ గొంతు చించుకుని మాట్లాడారు.

"తప్పు మనది కాదక్కా. మొదట మాట్లాడేవాడు అని ఒక పాత్ర కేటాయించొద్దూ? వాళ్ళకి ఆ మాత్రం బుద్ధుండక్కర్లా?" అన్నాడు ఆల్గోట్.

అది అందరికీ సబబుగానే తోచింది. గున్వోర్ అక్కడికక్కడే కొత్త అర్జీ రాసి ముందు పెట్టింది. సంతకానికి పడవలో ఒక్కరు కూడా వెనకాడలేదు. రెండో సంతకం తమదేనని గున్వోర్‌తో సహా అందరూ మాటిచ్చారు.