దావీదు గారి క్రింపింగ్ టూల్ పరిశోధన

పనిముట్టు కొనడం ఎవరైనా చేస్తారు. కొనకుండా ఎంచుకుంటూ ఉండటమే గొప్ప! వందల రకాలు చూపించి మనిషిని ఒక్కటీ కొననివ్వని ఈ ఆన్‌లైన్ కాలం మనకు దొరికిన వరం. నమ్మరా? అయితే మా ఇందుకూరుపేట దావీదు సంగతి వినండి.

దావీదుకు ఒక రొయ్యల గుంట ఉంది. గుంటలో నీళ్లను చిలికి రొయ్యలకు ఊపిరి అందించే యంత్రం ఏరేటర్. దాని మోటారుకు వైరును బోల్టుతో బిగించే రాగి ముక్క, అంటే లగ్గు, ఒకనాడు మాడిపోయింది. వైరు కొనకు దాన్ని కటింగ్ ప్లేరుతో నొక్కి సరిపెట్టారు మరి. పట్టు వదులైంది, వేడెక్కింది, మాడింది.

దావీదు భార్య అబిగయీలు దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

“ఈ లగ్గూ, ఒక వైరు ముక్కా నెల్లూరికి ఎత్తుకుపోయి అంగట్లో చూపిస్తే సరి. దీన్ని వైరుకు గట్టిగా నొక్కి పట్టించే క్రింపింగ్ టూల్ వాళ్లే ఇస్తారు.”

ఎంత అమాయకత్వం! దావీదు నవ్వాడు.

“అట్ట తొందరపడి కొంటే మోసపోతాం మ్మే. రివ్యూలు చూడాల.”

చూశాడు. ర్యాచెట్‌ది మేలా, హైడ్రాలిక్‌ది మేలా? ప్లాస్టిక్ తొడుగున్న లగ్గులకు ఒక రకం దవడ, లేనివాటికి ఇంకో రకమట! ఎక్కడో జర్మనీలో ఎవరో ఒకే ఒక్క స్టార్ ఇచ్చారని అన్నం సరిగా తినలేదు. రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టాడు. నేను హైడ్రాలిక్‌కు వేశాను. అదేమిటో తెలియదు గానీ పేరు గంభీరంగా ఉంది.

ఎన్ని లాభాలో చూడండి! కాలువ నీళ్ల తగాదాతో దావీదుతో మాటలు మానేసిన పక్క గుంట మాల్యాద్రి కూడా ఒక లింకు పంపాడు. మొదటిరోజే టూల్ కొనేసి ఉంటే ఈ సఖ్యత సాధ్యమయ్యేదా?

ఈలోగా కొత్త లగ్గును మళ్లీ ప్లేరుతోనే నొక్కారు. టెంపరరీగా.

మబ్బు పట్టిన ఒక పొద్దున అది కూడా మాడింది. ఏరేటర్ ఆగిపోయింది. రొయ్యలు రివ్యూలు చదవవు. ఊపిరాడక గట్టు వెంబడి పైకి తేలాయి. కబురంది నేను వెళ్లేసరికి దావీదు గట్టు మీద కూలబడి ఉన్నాడు.

“అయిపోయినాం మ్మే. పంటంతా పోయినట్టే,” అన్నాడు పక్కనున్న భార్యతో. అతని గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు.

అబిగయీలు ఇంట్లోకి పరుగెత్తి, ఒక సంచితో తిరిగొచ్చింది. అందులోంచి కొత్త క్రింపింగ్ టూల్ తీసింది.

“ఇదెప్పుడు తెచ్చినావు?”

“నిన్న నెల్లూరికి పొయినప్పుడు. రాంగానే చెప్పబోతే, వీడియో అయిపోనీ అన్నావు గదా! లెయ్. మెయిన్ ఆపు.”

మాడిన కొన కత్తిరించింది. వైరు తోలు ఒలిచి కొత్త లగ్గు తొడిగి, టూల్ తనంతట తాను టక్కుమని వదిలేదాకా నొక్కింది. గట్టిగా లాగి చూసింది. ఊడలేదు. బోల్టు బిగించి, “ఇప్పుడు వెయ్” అంది.

ఏరేటర్ తిరిగింది. గట్టు పక్కన తేలినవి కొన్ని చచ్చిపోయాయి. మిగిలినవి మెల్లగా అడుగుకు దిగాయి. దావీదు టవల్‌తో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

సాయంత్రానికి తేరుకుని, ఆమె లగ్గు నొక్కుతుండగా తీసిన ఫొటో గ్రూపులో పెట్టాడు. “ఎంతో పరిశోధించి ఎంపిక చేసిన టూల్. సందేహాలుంటే నన్ను అడగండి.”

అభినందనలే అభినందనలు! చప్పట్లు, పూలగుత్తులు, బొటనవేళ్లు! టూల్ పట్టుకున్న చేతిని ఫొటోలో మణికట్టు దాకానే ఉంచి మిగతాది కత్తిరించాడు. ఆ చేయి ఎవరిదని గ్రూపులో ఒక్కరూ అడగలేదు.

నాకు మాత్రం చిన్న సందేహం వచ్చి రాశాను: “దావీదన్నా, ఆ టూల్‌తోపాటు గాజులు కూడా ఇస్తారా?”

ఇంతవరకు జవాబు లేదు. రివ్యూలు చూస్తున్నట్టున్నాడు.