కొత్తవారి కోసం మాడిన బన్నులు

మనిషికి తెలివెందుకండీ? తెలివుంటే అంకెలు చదువుతాడు. చదివితే మార్చబుద్ధేస్తుంది. మారిస్తే తప్పు జరుగుతుంది! కాబట్టి పాఠకులారా, సాఫ్ట్‌వేర్ సెట్టింగుల ఫైళ్లను కొత్తవాళ్ల కోసం సులభం చేస్తున్న మహానుభావులకు గట్టిగా చప్పట్లు కొట్టండి!

మన మరిదిగారు అలాంటి మహానుభావుడే. బేకరీ ఓవెన్లకు ప్రోగ్రాములు రాసే కంపెనీలో సులభీకరణ విభాగానికి అధిపతి. ఆయన వదినగారి బేకరీలో ఉన్నదీ ఆ కంపెనీ ఓవెనే.

వెనకటికి ఆ ఓవెన్ ఫైల్లో ‘వేడి = 220’ అని ఒక లైనుండేది. ఎంత మొరటుతనం! కొత్తవాళ్లు జడుసుకోరూ? మరిదిగారు అంకె పీకేసి ‘వేడి = మామూలు’ అని పెట్టారు. మామూలంటే ఎంతని ఎవరైనా అడుగుతారేమోనని ఆ లైనూ లేపేశారు. చివరికి ఫైలంతా గాలిస్తే మిగిలింది ఒక్కటే: ‘అంతా బాగుండాలి = అవును.’

ప్రమోషన్ ఇవ్వక చస్తారా!

కంపెనీ ప్రయోగశాలలో బాగుండడమంటే బిస్కెట్టు రాయిలా గట్టిపడడమట. ఇంకేం, ఫైలు సులభమైంది, బన్ను శలభమైంది! మొదటి వాయి మొత్తం బొగ్గు. పక్కవీధి బడిలో విరామం గంట కొట్టేలోగా బన్నులు అందకపోతే, ఆ ఆర్డరు కాస్తా ఎదురు బేకరీకి పోతుంది. వదినగారు కబురు పెట్టగానే మరిదిగారు రెక్కలు కట్టుకుని వాలారు.

“ఆ 220 ఏదయ్యా? ఓ ఇరవై తగ్గించుకుంటాను.”

“అవన్నీ మీకెందుకు వదినా! మీరు హాయిగా ఉండాలనే దాచేశాం.”

“నేను హాయిగానే ఉన్నా నాయనా. మాడుతున్నది బన్నులు!”

మరిదిగారు స్క్రీను తట్టారు. ‘మీరు కొత్తవారా?’ అని అడిగింది. ఎవర్ని పట్టుకుని ఏం ప్రశ్న! కాలరు సర్దుకుని ‘కాదు’ నొక్కారు.

‘అయితే మా సాయం మీకక్కర్లేదు. శుభం!’ అని స్క్రీను ఆరిపోయింది. ఓవెన్ మాత్రం ఆరలేదు. లోపలున్న రెండో వాయి నుంచి పొగ మొదలైంది.

“‘అవును’ నొక్కవయ్యా, పరువేం పోదు. ఇక్కడున్నది నేనొక్కదాన్నేగా!”

అటూ ఇటూ చూసి, ఆరిన స్క్రీను మళ్లీ తట్టి ‘అవును’ నొక్కారు.

‘కంగారు పడకండి! తెలిసినవారికి ఫోన్ కలుపుతున్నాం.’

ఎంత ముందుచూపు! కొత్తవాళ్ల మీద ఎంత కరుణ!

మరిదిగారి జేబులో ఫోను మోగింది.

వదినగారు రెండో వాయి బొగ్గును బల్ల మీద దించి, చేతులు దులుపుకున్నారు.

“ఎత్తవయ్యా. ఆ 220 ఎక్కడ పెట్టాడో ఆ తెలిసినాయన్ని కాస్త అడిగి పెట్టు!”