కోతి కణాలకు దసరా బొట్టు

రాజకుమారికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఆకలేసినా నోరు తెరిచి అడగడం రానివాళ్ళు పస్తుంటారేమోనని. ఏడు నెలల కొడుకు సాయితేజ పాలసీసా ఎంత తగ్గిందో వెలుగుకు ఎత్తి మరీ చూస్తుంది. సీసా తగ్గని పూట ఆమెకు ముద్ద దిగదు.

భర్త యుగంధర్‌ది గుడివాడలో పశువుల టీకాల కంపెనీలో ఉద్యోగం. కోతి కిడ్నీ నుంచి తీసిన కణాలను స్టీలు ట్యాంకులో పెంచి, వాటితో టీకా తయారుచేస్తారు. మూత తీస్తే క్రిములు చేరతాయి. అందుకని ట్యాంకుకున్న గాజు కిటికీలోంచి లేజరు కాంతి వేస్తారు. తిరిగొచ్చిన కాంతిని బట్టి లోపల చక్కెర ఎంత మిగిలిందో కంప్యూటరు చెబుతుంది. తగ్గిందంటే కణాలు తినేశాయని. పైపులోంచి మేత వదలాలి. కణాలు చచ్చాయంటే యుగంధర్ ఉద్యోగమూ చచ్చినట్టే.

దసరానాడు డ్యూటీ అతనిదే. బందరులో ఇంట్లోనేమో పీతల కూర. చక్కెర సంగతి పావుగంటకోసారి సెల్‌ఫోనుకు మెసేజి పెట్టమని కంప్యూటరుకు పురమాయించి, ఆయుధపూజ ముగించి బస్సెక్కేశాడు.

ఇంటికొచ్చి, లుంగీ కట్టి మంచమెక్కాడు.

"ఏవండీ, పిల్లల్ని ఎవరికప్పజెప్పారు?"

"పిల్లలేంటి? అవి కోతి కణాలు."

"కోతిపిల్లలే అనుకోండి. ఎవరు చూస్తున్నారు?"

"లేజరు చూస్తోంది. ఇదిగో, చక్కెర నిండుగా ఉందట."

ఫోను మళ్ళీ మోగింది. మళ్ళీ నిండుగా. పీతలు ఉడికేలోగా ఇంకోసారీ నిండుగానే.

రాజకుమారి గరిటె పక్కన పెట్టింది. "పొద్దుట్నుంచీ తగ్గనేలేదా?"

"లేదు. అదే కదా హాయి."

"మనవాడి సీసా పొద్దుట్నుంచీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పరిగెడతాం. హాయి అనం."

యుగంధర్ లేచి కూర్చున్నాడు.

"ఆ ట్యాంకుకి పూజ చేశారా?"

"నిష్ఠగా చేశా. పసుపు రాసి బొట్టు పెట్టా."

"ఎక్కడ?"

"ట్యాంకుకి ముఖమంటూ ఏముంది? ఆ గాజు కిటికీ ఒక్కటేగా..." అప్పుడు తట్టింది అతనికి. లేజరు పడితే పసుపు తానే వెలుగుతుంది. ఆ వెలుగులో చక్కెర జాడ మునిగిపోయి, వెలుగంతా చక్కెరే అని లెక్క తప్పుతుంది. కంప్యూటరు ఇంతసేపూ చూసింది కణాల్ని కాదు, పసుపుని.

"కంట్లో ఎవరైనా పసుపు పెడతారండీ?"

జవాబు చెప్పడానికి యుగంధర్ ఇంట్లో లేడు. లుంగీ మీదే బస్టాండుకు పరిగెత్తాడు. పీతల్లో అతనికి దక్కింది చొక్కాకు పట్టిన వాసనే.

కణాలు బతికాయి. కాస్త నీరసపడ్డాయంతే. గాజు తుడిచి, మేత వదిలి, అవి తేరుకునేదాకా కదలనని ట్యాంకు పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

రాజకుమారి క్యారేజీ కట్టి గుడివాడ బస్సు కండక్టరుకిచ్చింది. ఫోను చేస్తే "తిన్నా" అంటాడు యుగంధర్. ఎప్పుడు చేసినా అదే మాట. మారని మాటను ఆమె నమ్మదు. మీలో ఎవరైనా అటు వెళ్తుంటే, ఆ కంపెనీ దగ్గర కాస్త ఆగి, క్యారేజీ మూత తీసి చూసి రండి.