ఇజ్జత్ సూటు తొడిగిన నలభై మంది

పాతబస్తీ ప్రజలకు తెలియజేయడమేమనగా, ఆడదాని పరువు ఇకమీదట కుట్టి, మడతపెట్టి, పేదలకు అందే ధరలో దొరుకుతుంది. చేతులకు తొడుగులు, కాళ్లకు మేజోళ్లు, చక్రానికి తెర అందులోనే వస్తాయి. గంట ఉచితం. కొలతలు ఇవ్వనక్కరలేదు, పరువుకు ఒకటే సైజు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో గౌలిపురలో వైకుంఠం సేటు బట్టల దుకాణం ముందు ఈ బోర్డు వేలాడింది. దీనికి కారణం ఒక మోకాలు.

ఆ మోకాలు నాగమణమ్మది. ఆమె ఇంటింటికీ తిరిగి మశూచి టీకాలు వేస్తుంది. జనానాల్లోకి మగవాళ్లు పోకూడదు కనుక టీకాల దఫ్తరు ఆమెను పెట్టుకుంది. గౌలిపుర నుంచి జహనుమాకు, అక్కడి నుంచి బార్కస్‌కు నడిచేలోగా మశూచి ముందు చేరుతోంది కనుక ఆమెకు ఒక సైకిలు ఇచ్చింది. సైకిలు ఉంటేనే నౌకరీ. మొత్తం పాతబస్తీలో సైకిలెక్కే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఒకరోజు చీరకొంగు గొలుసులో ఇరుక్కుని, సరిగ్గా సేటు దుకాణం ముందు ఆమె పడిపోయింది. మోకాలు చిట్లి నెత్తురు కారింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. మోకాలు కనిపించిందన్న వార్త మాత్రం ఆమె లేచి నిలబడేలోగా జహనుమా చేరింది.

అంత పెద్ద ప్రమాదం జరిగాక పెద్దలు ఊరుకుంటారా? మర్నాడే ‘సైకిల్ స్త్రీల మర్యాద రక్షణ సంఘం’ వెలిసింది. స్త్రీ ఒక్కతే కనుక రక్షకులు పదకొండు మందితో సరిపెట్టుకున్నారు. అధ్యక్షులు షఫీఉద్దీన్ సాబ్, ఏదో సర్కారు కచేరీలో పేష్కారు గుమాస్తాగా పనిచేసి వజీఫా పింఛను తీసుకుంటున్న పెద్దమనిషి. కార్యదర్శి రామలింగయ్య, కల్లు మానమని వాడవాడలా ఉపన్యాసాలిచ్చే త్యాగి. గుడ్డ సరఫరా వైకుంఠం సేటు.

సేటు త్యాగం గురించి ఒక మాట చెప్పాలి. జపాన్ విమానాలు వచ్చి బాంబులు వేస్తాయని, దీపాలు కనపడకుండా అందరూ కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుంటారని నమ్మి ఆయన గోదాము నిండా నల్లగుడ్డ కొన్నాడు. జపాన్ వాళ్లు మాట నిలబెట్టుకోలేదు. గుడ్డ గోదాములోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే స్త్రీల పరువు ప్రమాదంలో పడడం, దానికి నల్లగుడ్డ తప్ప మరో మందు లేదని సేటుకు తోచడం దైవఘటన.

అలా పుట్టింది పరువు కాపాడే ఇజ్జత్ సూటు. తల నుంచి పాదాల దాకా ఒకటే గుడ్డ, కళ్ల ముందు వల లాంటి చిన్న జాలి. దానితోపాటు రెండు రాగాల గంట. ఆ గంట వినబడగానే దారిలో ఉన్న మగవాళ్లందరూ గోడవైపు తిరిగి నిలబడాలి. గోడ లేనిచోట చెట్టువైపు తిరగాలి. చెట్టూ లేకపోతే ఒకరి వీపు ఒకరు చూసుకోవాలి. ఠాణా పెద్ద అమీన్ సాబ్ ఈ నియమాలకు పోలీసు మొహరు ముద్ర వేశారు. సూటు తొడిగిన వాళ్లను ఏ జవానూ ఆపరాదు, పేరు అడగరాదు, చూడరాదు. సూటు లేకుండా సైకిలెక్కిన స్త్రీ సైకిలు జప్తు.

ప్రారంభోత్సవంలో షఫీఉద్దీన్ సాబ్ ఇలా సెలవిచ్చారు: “హజ్రాత్! లండన్‌ల మేమ్‌సాబులు సైకిల్ తొక్కుతరు, గని ఇజ్జత్‌కు చాలేంత గుడ్డ లేదు వాళ్లకాడ. మనకాడ గుడ్డ ఉండె, సైకిల్ లేకుండె. ఇప్పుడు రెండూ ఉన్నయ్. ఇంక ఆ ముల్కుకు మనకు ఫరక్ ఏముంది?”

నాగమణమ్మ మొదటి సూటు తొడిగి బయల్దేరింది. మర్నాడే దాన్ని మడిచి సేటు బల్ల మీద పెట్టింది.

“గీ జాలిలకెల్లి తొవ్వ కనవడ్తలేదు సేటూ. నిన్న పొయ్యి పొయ్యి బర్రెల మందల దూరిన.”

“బర్రెలకేమన్న అయిందా?” సేటు కంగారుగా అడిగాడు.

“నన్ను జూసి గోడ దుంకినయ్. పాలోళ్లు ఇంకా ఎతుకుతున్నరు.”

“అలవాటైతదమ్మా. ఇజ్జత్ అంటే జర తక్లీఫ్ ఉంటది.”

“తక్లీఫ్ నాకు, ఇజ్జత్ నీ గోదాముకు. మంచిగుంది బేరం.”

తర్వాత ఆమె తనకు తోచిన ఏర్పాటు చేసుకుంది. చీరను గోచి పోసి కట్టింది. పాత సైకిల్ ట్యూబు కోసి నడుముకు పట్టీ చేసి కొంగు అందులో బిగించింది. వెనక చక్రానికి నులకతాడు వల అల్లింది. ఖర్చు ఏమీ లేదు. పడిపోవడం ఆగింది. మోకాలు కూడా కనపడలేదు. కానీ సంఘం అనుమతి లేకుండా దాచిన మోకాలు దాచినట్టు లెక్క కాదు.

ఇంతలో ఒక అద్భుతం జరిగింది. ఇజ్జత్ సూట్లు వేడివేడి జిలేబీల్లా అమ్ముడుపోయాయి. నెల తిరిగేలోగా పాతబస్తీలో సూటు తొడిగిన సైకిల్ స్త్రీలు నలభై మంది అయ్యారు. నిన్నటిదాకా గడప దాటనివాళ్లు ఒక్కసారి నలభై మంది! సూట్లు కుట్టే రహీమా మాత్రం ఒకరోజు టీకా వేయించుకుంటూ నాగమణమ్మను అడిగింది.

“అక్కా, సేటు భుజాల కాడ ఇంకో జానెడు గుడ్డ ఇడ్వమన్నడు. మన ఆడోళ్ల భుజాలు గింత వెడల్పేందక్కా?”

“ఇజ్జత్ మోసి మోసి పెరిగినయేమో తియ్.”

ఈ కొత్త స్త్రీలలో కొన్ని ప్రత్యేకతలు కనిపించాయి. వాళ్లు జాలి మధ్యలో బీడీతో రెండు బొక్కలు కాల్చుకున్నారు. అప్పుడప్పుడు ఆ బొక్కల్లోంచి పొగ వచ్చేది. సిగ్గు ఎక్కువైతే ఆవిరి రావడం సహజమని సంఘం వివరించింది. చాలామంది సాయంత్రం కల్లు కాంపౌండుకు వెళ్లేవారు. స్త్రీలు కల్లు తాగరు కనుక, తాగేవాళ్లను సంస్కరించడానికే వెళ్తున్నారని సంఘం తీర్మానించింది. సంస్కరణ చాలాసేపు సాగేది. తిరిగొచ్చేటప్పుడు సైకిళ్లు రోడ్డుకు రెండు పక్కలా సమానంగా గౌరవం ఇస్తూ వచ్చేవి. ఇంకొందరు ఉదయం నిండు గర్భంతో పోలీసు నాకా దాటేవారు. జవాన్లు తల్లులకు దారి వదిలి గోడవైపు తిరిగేవారు. సాయంత్రానికి ఆ కడుపులు చదునయ్యేవి. మర్నాడు మళ్లీ నిండేవి. కంట్రోలు బియ్యం దొరకని ఆ రోజుల్లో కూడా జహనుమా బజారులో చాటుగా బియ్యం అమ్మేవాళ్లకు సరుకు లోటు రాలేదు. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. మనమూ అనొద్దు.

అప్పులిచ్చినవాళ్లు బాకీదార్ల కోసం వీధుల్లో వెతికి అలసిపోయారు. ఎదురుగా ఎవరో అక్కయ్య గంట కొట్టగానే మర్యాదగా గోడవైపు తిరిగారు.

నేరాలన్నీ తగ్గిపోయిన ఆ శుభసమయంలో పోలీసులకు ఒకే ఒక్క నేరం దొరికింది. సూటు లేకుండా సైకిల్ మీద పోతున్న నాగమణమ్మ. సైకిలు జప్తు చేసి సంఘం దఫ్తరులో గొలుసు వేశారు.

ఆమె నేరుగా దఫ్తరుకు వచ్చింది. “సాబ్, బార్కస్‌ల ముగ్గురు పిల్లలకు మశూచి పోసింది. తక్కినోళ్లకు జల్ది టీకా ఎయ్యాలె. సైకిల్ ఇయ్యున్రి.”

షఫీఉద్దీన్ సాబ్ బాధగా కళ్లు మూసుకున్నారు. “నలభై మంది ఆడోళ్లకు లేని తక్లీఫ్ నీకొక్కదానికేంది? వాళ్లను జూసి నేర్చుకో.”

“గట్లనే సాబ్. ఒక్కసారి అందర్ని పిలువున్రి, సూపెట్టున్రి, నేర్చుకుంట. మొహల్లా మొహల్లా తిరిగేటోళ్లు గద, మశూచి మోస్కొస్తరు. అందరికీ అక్కడ్నే టీకాలు ఏస్త. నౌకరీ పోకముందు గా పనన్న జేస్కోనియ్యున్రి.”

అధ్యక్షులకు ఆలోచన నచ్చింది. ‘ఇజ్జత్ జులూస్’ అని ఊరేగింపుకు దండోరా వేయించారు. వచ్చిన ప్రతి సోదరికీ చక్కెర పొట్లం. రానివాళ్లను ఆ రోజు నుంచి జవాన్లు పేరు అడగవచ్చు. టీకాల మాట దండోరాలో చెప్పలేదు, స్త్రీలు భయపడతారని. నలభై మందీ వచ్చారు.

జహనుమా మైదానంలో పొడవైన గోడ, ఎదురుగా మేడల వరుస. మేడల మీద ఆడవాళ్లు, కింద మగవాళ్లు. కార్యదర్శి రామలింగయ్య ఆ రోజు జ్వరమని కబురు పంపాడు. అధ్యక్షులు మాట్లాడుతూ “ఈ నలభై మంది మన తల్లులు, మన చెల్లెండ్లు” అన్నారు. తల్లులు, చెల్లెళ్లు గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపుకు పావురాలు లేచిపోయాయి.

మైదానం చివర తెర కట్టారు. లోపల నాగమణమ్మ టీకా సూదితో కూర్చుంది. మొదటి సోదరిని లోపలికి పిలిచి, టీకా అని చెప్పి, భుజం దాకా తొడుగు పైకి లాగింది. దట్టమైన నల్లని వెంట్రుకల మధ్య ఒక పచ్చబొట్టు తేలు కనిపించింది. కల్లు మానమని ఉపన్యసించేటప్పుడు చొక్కా చేయి మడిచి, ‘తాగుడు ఈ తేలు లాంటిది’ అని రామలింగయ్య ప్రతి సభలోనూ చూపించే తేలు అదే.

నాగమణమ్మ మెల్లగా అడిగింది. “తేలు మీదనే పొడ్వాల్నా, జర పక్కకు పొడ్వాల్నా, బాపూ?”

బాపు తెర చీల్చుకుని బయటికి దూకాడు. సైకిలెక్కి గంట కొట్టాడు. ఎందుకో తెలియకపోయినా పోలీసులు పట్టుకుంటున్నారనుకుని మిగతా ముప్పై తొమ్మిది మందీ సైకిళ్లెక్కి గంటలు కొట్టారు.

నియమం నియమమే. నలభై గంటలు ఒక్కసారి మోగగానే మైదానంలోని మగవాళ్లంతా గోడవైపు తిరిగారు. అమీన్ సాబ్ తిరిగారు, జవాన్లు తిరిగారు, అధ్యక్షులు వేదిక మీదే తిరిగారు. వాళ్ల వెనక నలభై మంది స్త్రీలు పంచెలు, పైజామాలు పైకెత్తి తొక్కారు. దారి కనపడక ముసుగులు తీసి వెనక్కి వేశారు. మీసాలు గాలికి ఊగాయి. నాగమణమ్మ చూసింది. మేడల మీది ఆడవాళ్లంతా చూశారు. వాళ్లకు గోడవైపు తిరగాలన్న నియమం లేదు మరి. ఆ సాయంత్రం జహనుమాలో, గౌలిపురలో చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు.

మర్నాడు సంఘం దఫ్తరులో విచారణ. జులూస్ ఎందుకు చెదిరిందో ఎవరికీ తెలియదు. ఎవరూ చూడలేదు కదా. జ్వరం తగ్గి కార్యదర్శి కూడా వచ్చాడు, పొడవు చేతుల చొక్కాతో.

“నేను జూసిన” అంది నాగమణమ్మ.

“ఏం జూసినవ్?” అమీన్ సాబ్ కలం తీశారు.

“ముఖాలు జూసిన. అన్ని తెల్సినయే. ఈ అర్రల కూసున్నోళ్ల కాడికెల్లి షురూ జెయ్యాల్నా, బయటికెల్లి రావాల్నా?”

పదకొండు మంది రక్షకుల్లో ఎందరో కాళ్ల దగ్గర ఏదో పడిపోయినట్టు వంగారు. సేటు లేచాడు. “ఏ లొల్లి పెట్టుకోకున్రి సాబ్, పాపం, బార్కస్ పిల్లలు ఎదురు జూస్తున్నరు. సైకిల్ ఇచ్చేయున్రి.”

“గాలి గూడ గొట్టియ్యున్రి” అన్నాడు రామలింగయ్య.

సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది: మగవాళ్లు సూటు తొడిగారనడానికి సాక్ష్యం లేదు. చూసినామె సూటు లేని స్త్రీ కనుక ఆమె చూపు చెల్లదు. అయినా దయతో సైకిలు తిరిగి ఇవ్వడమైనది. నియమాలు యథాతథం. సైకిలు మీద పోతున్నప్పుడు ఆమె అటూ ఇటూ చూడరాదు.

ఆమె గోచి బిగించి, ట్యూబు పట్టీ సర్దుకుని బార్కస్ వెళ్లింది. అన్ని వైపులా చూస్తూనే వెళ్లింది. కొన్నాళ్లకు రహీమా వెనక సీటు మీద కూర్చుంది, తర్వాత ముందు సీటు ఎక్కింది. పాత ట్యూబు ముక్కల కోసం ఇంకో ఇద్దరు వచ్చారు. జవాన్లు వాళ్ల సైకిళ్ల జోలికి పోలేదు. పోతే మళ్లీ విచారణ పెట్టాలి, నాగమణమ్మను మళ్లీ పిలవాలి. సంఘం ఆ సంవత్సరపు నివేదికలో కన్నీళ్లతో రాసుకుంది: ‘పాతబస్తీలో సైకిల్ స్త్రీల సంఖ్య నలభై నుంచి నాలుగుకు పడిపోయింది. స్త్రీల అభివృద్ధికి ఇంతటి దెబ్బ మునుపెన్నడూ తగల్లేదు.’

ఆ నలభై మంది ఎవరో చెప్పమంటారా? పేర్లతో నాకు పనిలేదు. కావలసినవాళ్లు ఇంట్లో ఆడవాళ్లను అడగవచ్చు. మీరేమీ చూడలేదని నాకు తెలుసు. గంట మోగినప్పుడు మీరూ గోడవైపే తిరిగి ఉన్నారు. లేకపోతే సైకిలు మీద ఉన్నారు.