గంట తేడా

ఆఫ్రికా అధ్యయన యాత్రలో భాగంగా శ్రీ సుబ్బారావు గారు న్యూజిలాండ్‌లోని డునెడిన్‌కు విచ్చేశారు. రెండువేల ఆరు జూన్ మాట ఇది. ఆయన మన రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఖండాంతర కార్మిక అధ్యయన సంఘానికి చైర్మన్. ఆఫ్రికాను నిష్పక్షపాతంగా చూడాలంటే కాస్త దూరంగా నిలబడాలని ఆయన సిద్ధాంతం. సరిగ్గా అంత దూరంలోనే బావమరిది దామోదర్ ఇల్లు ఉండడం రాష్ట్రం చేసుకున్న అదృష్టం.

దామోదర్ ఇక్కడ డెయిరీ నడుపుతాడు. గేదెలేమీ లేవు. పాలు, బ్రెడ్డు, పేపరు అమ్మే వీధి మూల కొట్టును ఈ దేశంలో అలా అంటారు. నేను చదువుకుంటూ అందులో కౌంటర్ చూసేవాణ్ణి. నాకు తెలుగు టైపింగ్ వచ్చని తెలిసిన క్షణం నుంచి అధ్యయన సంఘం కార్యాలయం కూడా నేనే.

అధ్యయనానికి ఎంచుకున్నవి రెండు ఊళ్లు. టాంజానియాలో టుండుమా, జాంబియాలో నకోండే. మధ్యలో సరిహద్దు గేటు, అంతే. అయినా టుండుమాలో ఎనిమిదైతే నకోండేలో ఏడే. ఈ రెండు ఊళ్ల కాలాన్నీ దైనందిన జీవితాన్నీ పోల్చి నివేదిక ఇవ్వాలి. పనిలో పనిగా, ఆ గేటు దగ్గర చిక్కుకుపోయిన మన తాపీ పనివాళ్లు పద్నాలుగు మందిని చూడాలి. కాంట్రాక్టరు వాళ్ల పాస్‌పోర్టులు పట్టుకుని మాయమయ్యాడు. కళ్లారా చూశానని చైర్మన్ గారు సంతకం పెడితే, వాళ్లు ఇంటికి పోవడానికి కొత్త కాగితాలు వస్తాయి. ఫైల్లో ఈ విషయం ఆఖరి పేరాలో ఉంది.

వాళ్ల మేస్త్రీ విఠల్‌ది కరీంనగర్ వైపు. చైర్మన్ గారు ఎనిమిదింటికి గేటు దగ్గర ఉండమన్నారు. ఏ ఊరి ఎనిమిదో చెప్పలేదు కాబట్టి వాళ్లు రెండు ఎనిమిదులకూ నిలబడ్డారు. తర్వాత విఠల్ ఫోన్ చేశాడు.

"సార్, రెండు ఎనిమిదులూ అయిపోయినయి. మీరు ఏడిదాక వచ్చిండ్రు?"

"దారిలోనే ఉన్నానయ్యా. ఇక్కడ సాయంత్రం ఆరు. మీకంటే చాలా ముందున్నాను," అన్నారు చైర్మన్ గారు, ఇక్కడి జూన్ చలికి హీటర్ వైపు కాళ్లు చాపి.

ఆ ఫోన్‌లోనే దైనందిన జీవితం కూడా పూర్తి చేశారు. పొద్దున్నే లేచి గేటు దగ్గరికి వెళ్తామని, మధ్యాహ్నం మక్కపిండి ముద్ద తిని మళ్లీ గేటు దగ్గరికి వెళ్తామని విఠల్ ఓపిగ్గా చెప్పాడు. నేను రెండు కాలమ్‌లు కొట్టాను. టుండుమా కాలమానంలో ఎనిమిదికి నిరీక్షణ, నకోండే కాలమానంలో ఏడుకి నిరీక్షణ. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని చైర్మన్ గారు మెచ్చుకున్నారు.

నాకు సిగ్గేసింది. అంకుల్, ఆ సంతకం ఇక్కడే పెట్టి పంపేద్దామా అని అడిగాను.

"చూడకుండా చూశానని ఎలా పెడతానయ్యా? అబద్ధం కదూ?"

అంత నిజాయితీ చూశాక సంతకం కాగితాన్ని మళ్లీ ఫైల్లో పెట్టేశాను. నివేదికను మాత్రం హైదరాబాద్‌కు ఫ్యాక్స్ చేశాను. దాని మొదటి వాక్యం: "రెండు ఊళ్లకూ గంట తేడా ఉన్నందున ప్రజలు ఇబ్బంది పడుతున్నారు, తక్షణం సరిచేయగలరు."

ప్రభుత్వం ఇంత వేగంగా కదలడం నేనెరగను. ఆగస్టులో చైర్మన్ గారు స్నానంలో ఉండగా ఫోన్ మోగితే నేనే ఎత్తాను.

"సార్, హైదరాబాద్ కెల్లి పార్శిల్ వచ్చింది. పాస్‌పోర్టులే అనుకొని అందరం ఉరికినం. ఇప్పితే ఇత్తడి గంట ఉన్నది," అన్నాడు విఠల్.

గంటతో పాటు వచ్చిన ఉత్తర్వు చదివి వినిపించాడు. రెండు ఊళ్లలో ఒకదానికి గంట తక్కువైనట్లు చైర్మన్ గారి నివేదిక వల్ల తెలిసినందున, ఆ లోటు తీర్చడానికి ఒక గంట మంజూరు చేయడమైనది.

తువ్వాలుతో బయటికి వచ్చిన చైర్మన్ గారికి విషయం చెప్పాను. ఆయన కళ్లు చెమర్చాయి. ప్రభుత్వం తన నివేదికను ఒక వాక్యం దాకా చదివిందన్నారు.

విఠల్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. కాసేపు నసిగి అడిగాడు.

"సార్, ఇది కొడితే ఎవలన్న వస్తరా?"

ఆ మాట కూడా చైర్మన్ గారికి చెప్పాను. ఆయన తల తుడుచుకుంటూ కొంచెం ఆలోచించి, దైనందిన జీవితం కింద చేర్చమన్నారు.