కాశిబుగ్గలో పగడాల తెగులు

సముద్రం లేదన్న ఒకే ఒక్క కారణంతో ఏ జిల్లానూ సముద్ర రోగాలకు దూరం చేయరాదన్నది మన పరిపాలనలోని మహోన్నత సూత్రాల్లో ఒకటి. ఆ సూత్రం ప్రకారమే 1983లో వరంగల్‌కు ప్రవాళ రోగ నిరోధక శాఖ వచ్చింది. (ప్రవాళమంటే పగడమే. పగడమని రాస్తే అందరికీ అర్థమైపోతుందని అలా పెట్టారు.) శాఖకు ఒక గది, ఒక బీరువా, ఒక రబ్బరు పడవ, వెంకట్రాజం అనే ఒక ఇన్‌స్పెక్టరు మంజూరయ్యారు.

పైనుంచి వచ్చిన సర్క్యులర్ మాత్రం నిజంగా మంచిది. చదివితే మనసు కలుక్కుమంది. సముద్రంలో పగడపు జీవులు వేల ఏళ్లు కష్టపడి రాతి దిబ్బలు కడతాయట. వాటికి నల్లపట్టీ తెగులని ఒక జబ్బు వస్తుందట. వేలెడు వెడల్పు కూడా లేని నల్లటి పట్టీ ఒకటి పగడం మీద రోజుకు కొన్ని మిల్లీమీటర్లు జరుగుతూ, ప్రాణమున్న కండను తినేసి, వెనక తెల్లటి ఎముకను మిగులుస్తుందట. పట్టీని గొట్టంతో పీల్చేసి అంచున బంకమట్టి పూస్తే కొంత ఆగుతుందట. ఇంత చక్కగా రాసినాయన చివర ఇంకో వాక్యం రాయకుండా ఉండాల్సింది: "ప్రతి జిల్లా నెలనెలా కేసుల సంఖ్య పంపవలెను. సున్నా అంగీకరించబడదు."

వెంకట్రాజం చెడ్డవాడు కాదు. మొదటి నెల పడవేసుకొని ధర్మసాగర్ చెరువంతా గాలించాడు. జాలర్లు జాలిపడి రెండు బొమ్మె చేపలిచ్చి పంపారు. రెండో నెల సున్నాకు బదులు ఒక గీత గీసి పంపాడు. గీత పొడవు ఎంతో తెలపమని మెమో వచ్చింది. మూడో నెల, కేసు చూపకపోతే ఉద్యోగం ఖాయం కాదన్నారు.

అప్పుడాయన తువ్వాల కొనడానికి కాశిబుగ్గలో మా పక్కింటికి వచ్చాడు. సారంగపాణి మగ్గం గుంటలో కూర్చొని నేస్తున్నాడు. ఆయన భార్య మొగిలమ్మ రాట్నం ముందు నూలు కండెలు చుడుతోంది. ఆమె పుస్తెలతాడులో ఎర్రటి పగడం, దానికి అటూ ఇటూ బిగుతుగా నల్లపూసలు. వెంకట్రాజం తువ్వాల సంగతి మరిచిపోయాడు.

"అక్కా, గది అసలు పగడమేనా?"

"అసలుదే సారూ. నన్ను గన్న మా అవ్వది. నా లగ్గంల ఇచ్చింది."

"దాని పక్కపొంటి నల్లగ పట్టీ ఉన్నది."

"గవి నల్లపూసలు. నేనే గుచ్చుకున్న."

"గుచ్చుకున్ననంటవు. సర్క్యులర్‌ల గుచ్చుడు అనే మాటే లేదక్కా."

మర్నాడు స్కేలుతో వచ్చాడు. కండెలు చుట్టేటప్పుడు తాడు నూలుకు చిక్కుకోకుండా మా ఆడవాళ్లు దాన్ని వీపు మీదికి వేసుకుంటారు. అటు వేసి ఇటు వేసేసరికి పూసలు తాడు మీద కాస్త జరుగుతాయి. పొద్దున కొలిచి సాయంత్రం కొలిస్తే నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. రోగం నిర్ధారణ అయింది. "ఈ ఇంట పగడ రోగం కలదు" అని గుమ్మానికి బోర్డు కట్టారు. అది చూసి తువ్వాలలు కొనేవాళ్లు రావడం మానేశారు.

చికిత్స సర్క్యులర్ ప్రకారమే జరిగింది. సైకిల్ పంపును తిరగేసి పీల్చారు. పూసలు రాలేదు. అయితే తెంపాలన్నాడు వెంకట్రాజం.

మొగిలమ్మ లేచి నిలబడింది. "మనిషి మగ్గం మీద కూసొని ఉండంగ నల్లపూసలు తెంపుమంటవా? నీ నోరు పడిపోను!"

మగ్గం గుంటలోంచి సారంగపాణి అన్నాడు: "నేనింక బతికే ఉన్న సారూ. జర సూసి మాట్లాడు."

వెంకట్రాజం రిజిస్టరులో రాసుకున్నాడు: "భర్త సహకరించుట లేదు (బతికి ఉన్నాడు)."

చివరికి రాజీ కుదిరింది. పూసలు ఆమె దగ్గరే ఉంటాయి, పగడాన్ని శాఖ తీసుకుంటుంది. దానికి బంకమట్టి పూసి, ఉప్పునీళ్ల జాడీలో వేసి, బీరువాలో పెట్టి సీలు వేశారు. పగడం ఉన్నచోట మొగిలమ్మ పసుపు కొమ్ము కట్టుకుంది. "నెల రోజులే అక్కా" అన్నాడాయన. తల్లి గుర్తుగా మిగిలింది అదొక్కటేనని ఆమె ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. (ఒళ్లు మండినవారికి విడిగా ఫారం లేదు.)

నెల కాదు, ఏడాదిన్నర గడిచింది. మగ్గాలకు సెలవైన ప్రతి అమావాస్యకూ మొగిలమ్మ ఆఫీసుకు వెళ్లేది. అడిగినప్పుడల్లా వెంకట్రాజం సర్క్యులర్ చదివి వినిపించేవాడు. ఆమెకది కంఠతా వచ్చేసింది.

ఈలోగా పడమటి సముద్రంలోని ఒక దీవి నుంచి అర్జీ వచ్చింది. మా దిబ్బకు నల్లపట్టీ పట్టింది, తొందరగా ఎవరినైనా పంపండి అని. మిగతా జిల్లాలు ఇంకా గీతల దగ్గరే ఉన్నాయి, దేశం మొత్తం మీద కేసు నమోదైన ఆఫీసు ఇదొక్కటే కనుక దాన్ని ఇక్కడికి తోశారు. పగడం ధరించినవారి పేరు, భర్త పేరు, ఇంటి నంబరు లేవని వెంకట్రాజం తిప్పి పంపాడు. దీవివాళ్లు పాపం నింపి పంపారు. ధరించినవారు: సముద్రం. భర్త పేరు: తెలియదు. ఇంటి నంబరు లేదని మళ్లీ తిప్పి పంపాడు. మూడోసారి ఒకటే వాక్యం వచ్చింది: "ఇప్పుడు నల్లపట్టీ లేదు, దిబ్బంతా తెల్లగా ఉంది."

ఆ అమావాస్యకు మొగిలమ్మతో నేనూ వెళ్లాను. వెంకట్రాజం సంతోషంగా ఉన్నాడు.

"దీవిల పగడాలన్నీ మంచిగైనయక్కా. ఒక్క నల్ల మచ్చ లేదు. మొత్తం తెల్లగైనయట."

"తెల్లగైతే సచ్చినట్టే గద సారూ. నువ్వే గద సదివి చెప్పింది."

ఆయన ఫారం ఆమె వైపు తిప్పి చూపించాడు. "దీంట్ల రోగం ఉన్నది, రోగం లేదు, రెండే గడులున్నయక్కా. బతికున్నయా అని అడగలే."

"మరి నా పగడం?"

"నీది గూడ నయమైంది. గని నయమైనదాన్ని నల్లపూసల పక్కకు పంపొద్దు, మళ్ల అంటుకుంటది. పూసలు తీసేస్తనని సంతకం పెట్టు, గిప్పుడే ఇస్త."

మొగిలమ్మ పసుపు కొమ్మును గుప్పిట్లో పట్టుకొని మెట్లు దిగింది.

ఆ ఏడాది నివేదికలో జిల్లాలోని పగడాలు ఒకటి, నయమైనవి ఒకటి అని అచ్చయింది. వెంకట్రాజం ఉద్యోగం ఖాయమైంది. పగడం ఎప్పుడిస్తారని నేను పై ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటే, మూడు నెలలకు మర్యాదగా జవాబు వచ్చింది: "భర్త మరణానంతరం నల్లపూసలు ఉండవు కనుక, అటుపిమ్మట పగడం తిరిగి ఇవ్వబడును. సదరు తేదీని శ్రీ సారంగపాణి గారు పదిహేను రోజుల ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయగలరు."