ముందస్తు నెగెటివ్

జగ్గయ్యపేట గడ్డ మీద పుట్టిన ఏ జవానుకూ హెచ్ఐవీ రాదని, రానివ్వబోమని వీరజవాన్ల సేవాసమితి అధ్యక్షులు కిషోర్‌బాబు గారు ప్రకటించారు. ఆ నమ్మకంతోనే, సెలవు మీద ఊరొచ్చిన ఏడుగురు కుర్రాళ్ళకు కల్యాణమండపంలో ఉచిత రహస్య పరీక్షలు ఏర్పాటు చేశారు. రహస్యం అందరికీ తెలియాలని ఏడుగురి ఫోటోలతో సెంటర్లో ఫ్లెక్సీ కట్టించారు.

మూడో ఫోటో సర్ఫరాజ్‌ది. ఆదివారం జాకియాతో నిఖా. ఆర్నెల్ల క్రితం పోస్టింగ్‌లో, తోటివాళ్ళు "ఏంట్రా, భయమా?" అని ఎగదోస్తే, ఒక సెలవు రోజున ఏ జాగ్రత్తా లేకుండా వెళ్ళకూడని చోటికి వెళ్ళొచ్చాడు. అప్పట్నుంచి తూటాలకు బెదరని మనిషి తుమ్మొస్తే బెదురుతున్నాడు. నిఖాలోపు సంగతి తేల్చుకోవాలి.

సభలో కౌన్సెలర్ రూబీ కండోమ్‌ల పెట్టె బల్ల మీద పెట్టగానే, కిషోర్‌బాబు గారు దాని మీద శాలువా కప్పారు.

"ఆ మాట మైకులో అనకండమ్మా, ఆడవాళ్ళున్నారు."

"నేనూ ఆడదాన్నేనండి."

"మీరు డ్యూటీలో ఉన్నారు కదా!"

ప్రసంగాలు మూడు గంటలు సాగాయి. రక్తపరీక్షల మాట రూబీ గుర్తుచేస్తే, "సన్మానం వేళ సూదులేంటమ్మా, అపశకునం!" అన్నారు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి లామినేషన్ చేసిన సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. పేరు, ఫోటో, కింద పెద్దక్షరాల్లో 'నెగెటివ్'.

సర్ఫరాజ్ సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, నాకింకా రక్తం తీయలేదండి."

"నీ రక్తం సంగతి దేశానికి తెలీదా బాబూ?"

"తేడా వస్తేనో?"

"ఎట్టా వస్తదయ్యా? పోయిన వారమే ప్రింటు కొట్టించాం."

స్టేజీ దిగుతుంటే రూబీ మెల్లగా అంది: "పేటలో నిన్నందరూ గుర్తుపడతారు. రేపు నందిగామ ఆస్పత్రికెళ్ళు తమ్ముడూ. అక్కడ మైకుండదు."

మర్నాడు తల్లి షాహిదాబీ ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి వియ్యాలవారికి చూపించడానికి బయల్దేరింది. సర్ఫరాజ్ వెనక సందులోంచి పోయి నందిగామ బస్సెక్కాడు.

ఆస్పత్రి బెంచీ మీద ఫ్లెక్సీలోని మిగతా ఆరుగురూ అప్పటికే కూర్చునున్నారు. ఎవరూ ఎవర్నీ ఎరగనట్టు గోడకేసి చూస్తున్నారు. కాస్త జరిగి అతనికి చోటిచ్చారు.

గంట తర్వాత సర్ఫరాజ్ చేతికి చిన్న కాగితం వచ్చింది. ఫోటో లేదు, లామినేషన్ లేదు. నెగెటివ్. ఆర్నెల్ల తర్వాత మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకుని బయటికి నడిచాడు.

గుమ్మం దగ్గర హెల్మెట్ తీయని పెద్దమనిషొకరు ఆపారు. మొహం కనపడలేదు గానీ, గొంతు నిన్న మూడు గంటలు విన్నదే.

"బాబూ, లోపల నిజంగానే సూది గుచ్చుతారా?"